కిలో కూలి ఉన్నచోట హెల్త్ క్యాంపుకు పోయే టైముకు డబ్బు ఎలా లెక్కకట్టాలి?

గుంటూరులో మిర్చి తొడిమలు తీయించే గోడౌన్‌లో సూపర్‌వైజర్ని. 46 మంది ఆడవాళ్లు, కిలో లెక్కన కూలి. బీపీ, షుగరు చూసే క్యాంపు మూడుసార్లు పెట్టించాను.

మొదట శనివారం ఉదయం 11కి పెడితే 9 మంది వచ్చారు. మిగతావాళ్లు కుప్ప ముందు నుంచి లేవలేదు. లేస్తే కిలోలు పోతాయి మరి, వాళ్ల తప్పేం లేదు. రెండోసారి అన్నాలయ్యాక 1:30కి మార్చాను. 21 మంది వచ్చారు గానీ తిని అరగంట కూడా కాలేదు, ఆ షుగరు రీడింగు చూసి నర్సమ్మే తల పట్టుకుంది. పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు కదా అని మూడోసారి పొద్దున 7కి రమ్మన్నాను. నలుగురే. పల్లెల నుంచి వచ్చే ఆటోలు 8:30కి గానీ దించవు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) అయితే తిన్నా చేయించుకోవచ్చు, ఖర్చెక్కువని ఓనరు ఒప్పుకోలేదు. మనిషికి 15 నిమిషాల కూలి కట్టివ్వడానికి మాత్రం సరేనన్నారు.

చిక్కల్లా అక్కడే. ఒకావిడ గంటలో తీసేది ఇంకొకావిడకు రెండు గంటల పని. అందరికీ ఒకే మొత్తమంటే చేతివేగం ఉన్నవాళ్లు రారు, ఎవరి లెక్క వాళ్లకంటే గొడవ.

కిలో కూలి ఇచ్చేచోట ఆ 15 నిమిషాలకు మీరెలా లెక్కకట్టి ఇస్తున్నారు?