అప్‌డేట్: బ్రేకప్ తర్వాతి ప్రేమ ఎందుకు నమ్మేలా లేదో తెలిసింది

నేను రాస్తున్న నవలలో బ్రేకప్ అయిన నాయిక మళ్లీ ప్రేమలో పడటం చదివినవాళ్లెవరికీ నమ్మకం కలిగించట్లేదని, తప్పెక్కడుందో చెప్పమని రెండు నెలల క్రితం అడిగాను. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

కథలో బ్రేకప్‌కీ కొత్త ప్రేమకీ మధ్య ఏడాది గ్యాప్ పెట్టి చూశాను. కాలం గడిచింది గానీ ఆమె మారలేదు. పాత ప్రేమికుణ్ణి ఇంకా చెడ్డవాణ్ణి చేస్తే, అలాంటివాణ్ణి అసలెందుకు ప్రేమించిందన్న కొత్త ప్రశ్న వచ్చింది. ఆ రెండూ అవసరమే లేదు.

నవలంతా చదివిన ఎడిటర్ అసలు విషయం పట్టుకున్నారు. ఆమె ఏడ్చిన ప్రతిసారీ కొత్తబ్బాయే వచ్చి ఓదారుస్తున్నాడు, అందుకే అతను మనిషిలా కాక మందులా ఉన్నాడన్నారు. "అతను లేకుండా ఆమెకో మంచి రోజు ఇవ్వండి" అని మీలో ఒకరన్నది సరిగ్గా ఇదే! అలాంటి అధ్యాయాలు మూడు రాశాను. ఆగిపోయిన వయొలిన్ సాధన మళ్లీ మొదలుపెడుతుంది, స్నేహితురాలితో మాట కలుపుతుంది, పాత మెసేజ్‌లు చదివి తన తప్పులూ ఒప్పుకుంటుంది. అతనికీ సొంత దిగులు ఒకటి ఇచ్చాను. మొదటి ముద్దు 9వ అధ్యాయం నుంచి 17కి వెళ్లింది.

మొదట చదివి పెదవి విరిచిన నా స్నేహితురాలే నిన్న ఫోన్ చేసి, ముగింపు దగ్గర ఏడ్చానంది.