గ్రాఫ్‌కి పట్టిక వేయాల్సిందేనా?

కొత్తపేట అమ్మ:
మా పాప పదో తరగతి. బడిలో బహుపది గ్రాఫ్ అంటే ఎక్స్‌కి వరసగా విలువలు వేసి, పట్టిక రాసి, గ్రాఫ్ పేపరు మీద చుక్కలు కలపమంటారు. దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్ సారేమో "పట్టిక దేనికమ్మా, కారణాంకాలు తీసి గీసెయ్" అంటారు. అలా గీస్తే బడిలో కొట్టేశారు. ఎవరి మాట వినాలండీ?

ఎంపీసీ తమ్ముడు:
ట్యూషన్ సారుదే రైటక్కా. ఎక్స్ క్యూబ్ మైనస్ ఎక్స్ తీస్కోండి. పట్టికలో -1, 0, 1 మూడింటి దగ్గరా సున్నానే. చుక్కలు కలిపే పిల్ల అక్కడ స్కేలు పెట్టి అక్షం మీదనే గీత గీస్తది. నేను గీసిన, అందుకే చెప్తున్న. కారణాంకాల గుర్తులు చూస్తే -1కీ 0కీ నడుమ ప్లస్, 0కీ 1కీ నడుమ మైనస్. ఒక గుట్ట, ఒక గుంట. అంతే.

రిటైరైన లెక్కల పంతులు:
నీకు కలిసొచ్చే లెక్క తెచ్చుకున్నావు బాబూ. ఆ పట్టికలో -1/2 వేసి ఉంటే 3/8 వచ్చి గుట్ట కనబడేది. నా లెక్క చూడు: ఎక్స్ క్యూబ్ మైనస్ 3ఎక్స్ ప్లస్ 1. దీనికి కారణాంకాలు తియ్యి! పట్టికలో -2 నుంచి 2 దాకా విలువలు -1, 3, 1, -1, 3. గుర్తు మూడుసార్లు మారింది. శూన్యాలు, అంటే విలువ సున్నా అయ్యే ఎక్స్‌లు, ఏ సందుల్లో దాక్కున్నాయో దొరికిపోయింది.

ఎంపీసీ తమ్ముడు:
ఒప్పుకున్నా సర్. మరి నాలుగో శూన్యం లేదని పట్టిక చెప్పిందా? డిగ్రీ 3 కాబట్టి మూడుకి మించవని బీజగణితమే కదా చెప్పింది. కారణాంకాల్లో (ఎక్స్ మైనస్ 2) మొత్తం స్క్వేర్‌లో ఉంటే గీత 2 దగ్గర అక్షాన్ని తాకి వెనక్కి మళ్లుతది, దాటదు. అది కూడా చుక్కలు చెప్పవు.

రిటైరైన లెక్కల పంతులు:
అది నిజమే. ఇంకోటి నేనే చెప్తాను, నా పక్షానికి నష్టమైనా సరే. పదో తరగతిలో బాగా అలవాటైన ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ 6 ఉంది చూడండి. 0 దగ్గరా -6, 1 దగ్గరా -6. పిల్లలు ఆ రెండు చుక్కల్నీ తిన్నగా కలిపి పరావలయానికి పళ్లెంలా అడుగు పెడతారు. అసలు అడుగు 1/2 దగ్గర, -6.25. అమ్మా, పాపని ముందు రఫ్‌లో కారణాంకాలు తియ్యమనండి. శూన్యాలు -2, 3 అని తేలాక సరిగ్గా మధ్యనున్న 1/2ని కూడా పట్టికలో చేర్చమనండి. మార్కులు పట్టికకీ, అక్షాల మీద తీసుకున్న స్కేలు రాసినందుకీ ఉంటాయి, అది మానొద్దు.

కొత్తపేట అమ్మ:
ఇప్పుడే ఆ లెక్క ఇచ్చానండీ. పళ్లెమే గీసింది.