రోజంతా తెలుగు టైపింగ్‌కి మెకానికల్ కీబోర్డా, మెంబ్రేనా?

అన్నలూ, కాస్త సలహా చెప్పండి. కావలిలో మాది చిన్న డీటీపీ షాపు, దస్తావేజులు, అర్జీలు, పెళ్లి కార్డులు అన్నీ తెలుగు కీబోర్డు లేఅవుట్ అయిన ఇన్‌స్క్రిప్ట్‌లోనే కొడతాం. ఇప్పుడున్నది మామూలు మెంబ్రేన్, అంటే కీల కింద రబ్బరు పొర ఉండే కీబోర్డు. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు 'డి' కీ మీద ఉంటుంది కదా, ఒత్తు వచ్చిన ప్రతిచోటా దాన్నే కొట్టాలి, దాంతో ఆ కీ నున్నగా అరిగిపోయి, కింద రబ్బరు మెత్తబడి, గట్టిగా అదిమితే గానీ పడటం లేదు. 'లక్ష్మి' అని కొడితే 'లకష్మి' వస్తోంది, స్టాంపు పేపరు మీద అలా పడితే పార్టీ ఊరుకుంటాడా!

మెకానికల్‌లో ప్రతి కీకి విడిగా స్ప్రింగు, స్విచ్చు ఉంటాయి. చెర్రీ ఎంఎక్స్ రెడ్ అనే రకం స్విచ్చు అయితే మొత్తం 4 మి.మీ.లో 2 మి.మీ. నొక్కగానే అక్షరం పడుతుంది, చివరిదాకా అదమక్కర్లేదు. హాట్‌స్వాప్ ఉంటే పాడైన స్విచ్చు ఒక్కటే పీకి మార్చుకోవచ్చు, నాకు ఇదే బాగా నచ్చింది. బ్లూ స్విచ్చు మాత్రం వద్దు, ఆ టకటకకి కస్టమర్ చెప్పేది వినపడదు.

రెడ్ తీసుకోనా, నొక్కుతుంటే మధ్యలో వేలికి చిన్న తట్టు తెలిసే బ్రౌనా? మా ఉప్పుగాలికి, రోడ్డు దుమ్ముకి స్విచ్చులు తట్టుకుంటాయా? మూడు వేల లోపు దొరుకుతుందా, లేక ఆ డబ్బుతో నాలుగు మెంబ్రేన్లు కొని పెట్టుకోవడమే మేలా? రోజంతా తెలుగు కొట్టేవాళ్లు చెప్తే బాగుంటుంది, గేమ్స్ ఆడేవాళ్ల రివ్యూలు చాలా చూశాను.