ఇద్దరికీ పని చేసుకునే హక్కు వచ్చే వీసా దారి ఏది? (భార్య నర్సు, భర్త మెకానికల్ ఇంజనీర్)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాకు 33, మా ఆవిడకి 30. నేను మెకానికల్ డిజైన్‌లో 9 ఏళ్ళుగా ఉన్నాను. తను బీఎస్సీ నర్సింగ్ చేసి 6 ఏళ్ళుగా ఐసీయూలో పనిచేస్తోంది. ముగ్గురు కన్సల్టెంట్లని కలిస్తే ముగ్గురూ మూడు దేశాలు చెప్పారు. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకటే మాట: నేను మెయిన్ అప్లికెంట్, తను డిపెండెంట్. "వెళ్ళాక మేడమ్ ఏదో ఒకటి చూసుకుంటారు లెండి" అన్నాడొకాయన. ఆ 'ఏదో ఒకటి' దగ్గరే మా టెన్షన్ అంతా. ఇంట్లో కూర్చోవాల్సి వస్తే అసలు రానంటోంది. ఏ దేశమైనా మాకు పర్వాలేదు. ఇంగ్లీష్ తప్ప వేరే భాష రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
మీ ఆవిడ అడిగిన దగ్గరే మొదలుపెట్టండి. దేశాన్ని తర్వాత చూడొచ్చు, ముందు రెండో మనిషికి ఏ వీసా వస్తుంది, దాని మీద పని చేయనిస్తారా లేదా అన్నది తేల్చుకోండి.

డిపెండెంట్ అన్న మాట ఒకటే, అర్థం మాత్రం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అమెరికా హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో వచ్చే హెచ్-4 మీద ఉద్యోగం చేయకూడదు. 2015లో ఒక వెసులుబాటు ఇచ్చారు గానీ, మెయిన్ అప్లికెంట్ గ్రీన్‌కార్డు ప్రయత్నం ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదం దాకా వస్తేనే అది చాలామందికి అక్కరకొచ్చేది. నేను హెచ్-4 మీద నాలుగేళ్ళు ఇంట్లోనే ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. అదే జర్మనీ బ్లూ కార్డు, ఐర్లాండ్ క్రిటికల్ స్కిల్స్ పర్మిట్, నెదర్లాండ్స్ హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ అనే ఉద్యోగ వీసాల దారుల్లో వెళ్తే భాగస్వామి కూడా నచ్చిన ఉద్యోగం చేసుకోవచ్చు. కెనడాలో 2025 జనవరి 21 నుంచి బిగించారు. పర్మిట్ మీద పనిచేసే వాళ్ళందరి భాగస్వాములకీ ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పనిచేసే అనుమతి) రాదు. ఉద్యోగం పైస్థాయిదో, కొరత ఉన్న రంగాల్లోదో అయి ఉండాలి, పర్మిట్‌లో ఇంకా కనీసం 16 నెలలు మిగిలి ఉండాలి.

ఇక అసలు సంగతి. మెయిన్ అప్లికెంట్ మీరే ఎందుకు కావాలి? బ్రిటన్‌నే తీసుకోండి. మీకు స్కిల్డ్ వర్కర్ వీసా రావాలంటే 2025 జూలై 22 నుంచి జీతం కనీసం 41,700 పౌండ్లు ఉండాలి, మీ వృత్తికి నిర్ణయించిన రేటు అంతకంటే ఎక్కువైతే అది. పైగా ఆ వీసాకి హెల్త్ సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యసేవకి కట్టే రుసుము) తలకి ఏడాదికి 1,035 పౌండ్లు. మూడేళ్ళకి ఇద్దరికీ కలిపి లెక్క వేసుకోండి, 6,210. మీ ఆవిడ నర్సుగా హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద వెళ్తే ఆ సర్‌చార్జి తనకీ లేదు, మీకూ లేదు. మీరు ఆవిడ వెంట వెళ్ళి దాదాపు ఏ ఉద్యోగమైనా చేయొచ్చు.

కాకపోతే తను ముందు ఎన్‌ఎంసీ (బ్రిటన్ నర్సుల నియంత్రణ మండలి) రిజిస్ట్రేషన్ దారిలో పడాలి: ఇంగ్లీష్ పరీక్ష, కంప్యూటర్ మీద రాసే సీబీటీ, అక్కడికెళ్ళాక ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష. ఆస్పత్రి ఆఫర్ దొరకడం కూడా ఇప్పుడు మునుపటంత తేలిక కాదు. "ముందు కేర్ అసిస్టెంట్‌గా వెళ్ళండి, తర్వాత మార్చుకోవచ్చు" అని ఎవరైనా అంటే మాత్రం లేచి వచ్చేయండి. ఆ ఉద్యోగాల మీద 2024 మార్చి 11 నుంచే కుటుంబాన్ని తీసుకెళ్ళనివ్వడం లేదు, 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడమే ఆపేశారు.

జవాబు 2:
అక్క చెప్పినవి ఉద్యోగం దొరికాక వెళ్ళే దారులు. పాయింట్ల దారి కూడా చూడండి, అందులో ఇద్దరికీ మొదటి రోజు నుంచే పీఆర్ (శాశ్వత నివాసం).

ఆస్ట్రేలియా 189 వీసాకి (స్పాన్సర్ అక్కర్లేని పాయింట్ల వీసా) మీ లెక్క సరదాగా వేసి చూశాను. ఆవిడ మెయిన్ అయితే వయసుకి 30, డిగ్రీకి 15, ఆరేళ్ళ అనుభవానికి 10, ఇంగ్లీష్‌లో ప్రొఫిషియెంట్ స్థాయి వస్తే 10, మీ స్కిల్ అసెస్‌మెంట్ (చదువు, అనుభవం సరిచూసి ఇచ్చే గుర్తింపు) వల్ల పార్ట్‌నర్ పాయింట్లు 10. మొత్తం 75. మీరు మెయిన్ అయితే వయసు 33 కాబట్టి 25కి పడిపోతుంది, అనుభవానికి 15 వస్తుంది. అదీ 75! దరఖాస్తుకి 65 చాలు గానీ ఆ అంకెతో ఆహ్వానం వస్తుందని కూర్చోవద్దు. పాయింట్లు సమానమైనా నేనైతే ఆవిడనే ముందు పెడతాను, ఆహ్వానాల్లో వైద్య వృత్తులకి ప్రాధాన్యం ఉంది కాబట్టి. ఆవిడ అసెస్‌మెంట్ చేసేది ఏఎన్‌మ్యాక్ అనే నర్సుల సంస్థ, మీది ఇంజనీర్స్ ఆస్ట్రేలియా. పార్ట్‌నర్ పాయింట్లు కావాలంటే రెండో వాళ్ళు కూడా ఇంగ్లీష్ పరీక్ష రాయాల్సిందే.

కెనడా పాయింట్ల దారి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అయితే ఒక్క వయసుకే ఆవిడకి 95, మీకు 80. అక్కడ జాబ్ ఆఫర్‌కి ఇచ్చే అదనపు పాయింట్లు 2025 మార్చి 25న తీసేశారు. వాటి పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే నమ్మకండి.

జవాబు 3:
జర్మనీ గురించి రెండు ముక్కలు. బ్లూ కార్డు ఆఫర్ వస్తే ఇంజనీర్లకి జీతం పరిమితి తక్కువే (2025లో ఏడాదికి దాదాపు 43,760 యూరోలు, ప్రతి జనవరికీ మారుతుంది). మీ డిగ్రీ, కాలేజీ అనాబిన్‌లో (విదేశీ డిగ్రీల జర్మన్ డేటాబేస్) ఎలా ఉన్నాయో ఈ రాత్రికే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. బ్లూ కార్డు వాళ్ళ భాగస్వామికి వెళ్ళేముందు జర్మన్ పరీక్ష అక్కర్లేదు. కానీ ఆవిడ అక్కడ నర్సుగానే చేయాలంటే గుర్తింపు కావాలి, దానికి మామూలుగా బీ2 (మధ్యస్థం దాటిన) స్థాయి జర్మన్ అడుగుతారు. భాష మీద ఒకటిన్నర ఏడాది పెట్టగలిగితేనే ఇటు రండి. ఛాన్సెన్‌కార్టె (జర్మనీ వెళ్ళి ఉద్యోగం వెతుక్కునే కార్డు) జోలికి మాత్రం వెళ్ళకండి, ఉద్యోగం వెతుక్కునేలోపు వారానికి 20 గంటలే పని, జంటకి అది సరిపోదు.

ప్రశ్న అడిగినవారు:
ఆవిడని మెయిన్‌గా పెట్టొచ్చన్నది మాకు తట్టనే లేదు! చూపిస్తే రెండుసార్లు చదివి, నా వైపు ఒక చూపు చూసింది. రెండు సందేహాలు. పెళ్ళయి రెండేళ్ళయింది గానీ రిజిస్టర్ చేయించలేదు. ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. ఇబ్బందా? ఇంకోటి, ఒక ఏజెంట్ బ్రిటన్ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కి (వీసా కోసం అక్కడి కంపెనీ ఇచ్చే పత్రం) విడిగా డబ్బు కట్టమన్నాడు.

జవాబు 1:
ఇంటిపేరు మార్చక్కర్లేదు తమ్ముడూ, భార్యాభర్తల ఇంటిపేర్లు ఒకటే ఉండాలన్న షరతేమీ లేదు. చూడాల్సింది స్పెల్లింగ్. పాస్‌పోర్టు, డిగ్రీ, అనుభవ పత్రాలు, పెళ్ళి సర్టిఫికెట్ అన్నిట్లో ఆవిడ పేరు ఒకేలా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. పెళ్ళి రిజిస్ట్రేషన్ మాత్రం వెంటనే చేయించండి, ఏ దారిలో వెళ్ళినా మొదట అడిగే కాగితం అదే.

సర్టిఫికెట్‌కి డబ్బు కట్టకండి. ఆ రుసుము కంపెనీ భరించాలి, ఉద్యోగి మీద వేయకూడదు. లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితా బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లోనే ఉంటుంది, ఆ ఆస్పత్రి పేరు అందులో వెతకండి.

జవాబు 2:
పరీక్ష బుక్ చేసేముందు ఒక్క మాట. ఆవిడ ఓఈటీ (వైద్య వృత్తుల వాళ్ళ ఇంగ్లీష్ పరీక్ష) రాస్తే బ్రిటన్‌కీ ఆస్ట్రేలియాకీ పనికొస్తుంది, కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి చెల్లదు, దానికి ఐఈఎల్‌టీఎస్ జనరల్ లాంటివి కావాలి. మా ఇంట్లో ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాసి, కెనడా కోసం మళ్ళీ ఫీజు కట్టి జనరల్ రాశాం.

ప్రశ్న అడిగినవారు:
సరే అన్నా. కెనడా పక్కన పెట్టేశాం. ఆవిడ ఓఈటీకి చదవడం మొదలుపెడుతుంది, ఈలోపు నేను ఇంజనీర్స్ ఆస్ట్రేలియా కాగితాలు, పెళ్ళి రిజిస్ట్రేషన్ పని చూస్తాను. అసెస్‌మెంట్ దగ్గర ఆగిపోతే మళ్ళీ ఇక్కడికే వస్తాను.