క్యాబేజీ, బ్రోకలీ తింటే డీఎన్‌ఏ దెబ్బతినడం తగ్గుతుందా? వండితే ఏమన్నా మిగులుతుందా?

పెరటిమడి:
క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, ముల్లంగి తింటే డీఎన్‌ఏ దెబ్బతినదని, క్యాన్సర్ రాదని వాట్సాప్‌లో వారానికో మెసేజ్ వస్తోంది. ఇది మనుషుల్లో కొలిచి చెప్పిన మాటేనా, ఎలుకల దగ్గరే ఆగిపోయిందా? పైగా మన ఇళ్లలో క్యాబేజీని మెత్తగా ఉడికించి, నీళ్లు వార్చేసి పోపు పెడతాం. అలా వండాక అసలు పదార్థం ఉంటుందా? బ్రోకలీలో దొరికే సల్ఫొరాఫేన్‌ను మాత్రలుగా కొనమని కూడా కొందరంటున్నారు. మా ఇంట్లో రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వేసుకునే పెద్దవాళ్లున్నారు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

కణశాల:
మనుషుల్లో కొలిచారండి. కాకపోతే ఏం కొలిచారో చూడాలి. మన కణాల్లో డీఎన్‌ఏ రోజూ దెబ్బతింటూనే ఉంటుంది, కణం దాన్ని బాగుచేసుకుంటూనే ఉంటుంది. అలా కత్తిరించి పారేసిన ముక్కల్లో కొన్ని మూత్రంలోకి వస్తాయి. 1995లో నెదర్లాండ్స్‌లో పొగతాగని మగవాళ్లు పదిమందిని తీసుకుని, అయిదుగురికి మూడు వారాలపాటు రోజుకు 300 గ్రాముల ఉడికించిన బ్రసెల్స్ స్ప్రౌట్స్ (బుల్లి క్యాబేజీల్లా ఉండే కూర) పెట్టారు. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటి గ్వానిన్; ఆక్సీకరణతో దెబ్బతిన్న గ్వానిన్ వాళ్ల మూత్రంలో 28 శాతం తగ్గింది. 2007లో ఉత్తర ఐర్లాండ్‌లో అరవైమందికి ఎనిమిది వారాలు రోజూ క్యాబేజీ జాతికే చెందిన వాటర్‌క్రెస్ ఆకు 85 గ్రాములు పచ్చిగా పెడితే, తెల్ల రక్తకణాల్లో డీఎన్‌ఏ తెగిపోవడం 17 శాతం తగ్గింది. దాన్ని చూసింది కామెట్ పరీక్షతో: కణాన్ని జెల్‌లో పెట్టి కరెంటు పంపితే తెగిన డీఎన్‌ఏ తోకలా వెనక్కి సాగుతుంది, తోక ఎంత పొడవుంటే దెబ్బ అంత ఎక్కువ.

ఇవి చిన్న అధ్యయనాలు, వారాల లెక్కవి. క్యాన్సర్ రావడానికి పట్టేది దశాబ్దాలు. దెబ్బ తగ్గిందనడానికి ఆధారం ఉంది. దాన్నిబట్టి క్యాన్సర్ రాదని చెప్పడం మాత్రం తప్పు, ఆ మెసేజ్‌లు చేస్తున్న తప్పు ఇదే.

పని జరిగే తీరు ఇది. ఈ కూరల్లో గ్లూకోసినోలేట్లు అనే గంధకపు పదార్థాలుంటాయి, వాటికి దూరంగా వేరే కణాల్లో మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కోసినా నమిలినా రెండూ కలిసి ఐసోథయోసయనేట్లు పుడతాయి. ఆవాల ఘాటు, ముల్లంగి కారం అవే. బ్రోకలీలో పుట్టేది సల్ఫొరాఫేన్. అది మన కణాల్లో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతుంది. దాంతో విషాలకు గ్లూటథయోన్ అనే కణంలోని పదార్థాన్ని తగిలించి బయటకు తోసే ఎంజైములు ఎక్కువగా తయారవుతాయి.

ఆవపిండి:
వంట సంగతి నేను చెబుతాను, తేడా అంతా అక్కడే వస్తుంది. నష్టం రెండు దారుల్లో జరుగుతుంది. గ్లూకోసినోలేట్లు నీళ్లలో కరుగుతాయి కాబట్టి వార్చేసిన నీళ్లతో పోతాయి. ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది, కూర ముక్క లోపల 70 డిగ్రీలు దాటాక దాని పని అయిపోయినట్టే. అప్పుడు మిగిలిన గ్లూకోసినోలేట్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా కొంత మారుస్తాయి గానీ అది తక్కువ, మనిషికీ మనిషికీ చాలా తేడా.

అందుకని క్యాబేజీని ముందు కడిగి, సన్నగా తరిగి, ముప్పావు గంట నుంచి గంటన్నర వరకు మూతపెట్టి ఉంచండి. పొయ్యి ఎక్కేలోపే మార్పు జరిగిపోతుంది. బ్రోకలీతో చూసినప్పుడు, తరిగి 90 నిమిషాలు ఆగి వేయించినదాంట్లో, తరిగిన వెంటనే వేయించినదానికంటే సల్ఫొరాఫేన్ 2.8 రెట్లు ఉంది. తరిగాక మాత్రం కడగకండి, తయారైంది కాస్తా నీళ్లలో పోతుంది. తర్వాత నీళ్లు చిలకరించి నాలుగైదు నిమిషాలు మగ్గనిస్తే చాలు. ముక్క కొరికితే కాస్త కరకరమనాలి. కుక్కర్‌లో పెడితే ఇదంతా వృథా.

పెరటిమడి:
కాలీఫ్లవర్‌లో పురుగులుంటాయని ఉప్పునీళ్లలో మరిగించి పారబోస్తాం కదా, దానికేం చేయాలి? పోపులో ఎలాగూ ఆవాలు వేస్తాం, ఆ ఎంజైమ్ సరిపోదా?

ఆవపిండి:
పువ్వును పెద్ద రెబ్బలుగా విడదీసి, ఉప్పు, పసుపు వేసిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. పురుగులు పైకి తేలతాయి, మరిగించక్కర్లేదు. ఆ తర్వాతే చిన్న ముక్కలు కోయండి.

పోపులో ఆవాలు చిటపటలాడే వేడికి వాటి ఎంజైమ్ మిగలదండి, రుచి ఒక్కటే వస్తుంది. మనకు కావలసింది ఆవ పెట్టిన కూర. అరటికాయకీ పనసపొట్టుకీ చేసేదే, క్యాబేజీకి చేయండి. 2018లో ఇంగ్లండ్‌లో 200 గ్రాముల ఉడికిన బ్రోకలీకి ఒక గ్రాము ఆవపొడి కలిపి తినిపిస్తే, ఒంటికి పట్టిన సల్ఫొరాఫేన్ నాలుగు రెట్లు దాటింది. కూరలో చచ్చిన ఎంజైమ్ పనిని ఆవాల ఎంజైమ్ చేసిపెట్టింది.

పావు కిలో క్యాబేజీకి ఒక చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కొంచెం ఉప్పు. పొడికొట్టి, రెండు మూడు చెంచాల చల్లటి నీళ్లు పోసి నూరి, ముక్కుకు ఘాటు తగిలేదాకా అయిదారు నిమిషాలు వదిలేయండి. కూర దించాక గిన్నె చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాలి, అప్పుడు కలపండి. పొయ్యి మీదుండగా కలిపితే చేదెక్కుతుంది, ఎంజైమూ పోతుంది. నిమ్మరసం మరో పది నిమిషాలు ఆగి పిండండి, పులుపు తగిలితే ఎంజైమ్ నెమ్మదిస్తుంది. ఆవాలు పాతబడి ఘాటు లేకపోతే ఈ శ్రమంతా దండగ. నూరినప్పుడు కళ్లలో నీళ్లు రావాలి.

వేరుశనగ చేను:
ఒక ముఖ్యమైన సంగతి కలుపుతాను. డీఎన్‌ఏను దెబ్బతీసేది మన పళ్లెంలోనే ఉండొచ్చు. వేరుశనగకు పట్టే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయం దాన్ని మార్చే క్రమంలో పుట్టే ఎపాక్సైడ్ అనే చురుకైన రూపం నేరుగా డీఎన్‌ఏలోని గ్వానిన్‌కు అతుక్కుంటుంది. కాలేయ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న చైనాలోని చీతోంగ్‌లో, 180 మందికి నాలుగు నెలలు పూటకు 100 మిల్లీగ్రాముల చొప్పున మూడు పూటలా క్లోరోఫిలిన్ ఇస్తే, అఫ్లటాక్సిన్ అతుక్కున్న గ్వానిన్ మూత్రంలో 55 శాతం తగ్గింది. ఆకుపచ్చదనంలోని క్లోరోఫిల్ నుంచి చేసిన మందు అది. విషాన్ని పేగులోనే పట్టుకుని లోపలికి పోనివ్వదు.

అయినా ముందు విషాన్ని ఆపాలి. అనంతపురం లాంటి చోట కాయ ఊరే చివరి వారాల్లో వాన ముఖం చాటేస్తే, నేలలో ఉండగానే బూజు ఎక్కుతుంది. పీకిన తర్వాత కుప్ప తడిగా ఉంటే ఇంకా పెరుగుతుంది. గింజలో తేమ 8 శాతం లోపుకి దిగేదాకా ఎండబెట్టాలి. ఇంట్లో చట్నీకి వేయించేముందు ముడతలు పడ్డవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. వేయిస్తే విషం కొంత తగ్గుతుందే గానీ పోదు. గానుగ నూనె ఆడించేవాళ్లూ ఇలాగే ఏరిన పప్పే వాడాలి. రిఫైన్ చేసేటప్పుడు క్షారంతో కడగడం వల్ల అఫ్లటాక్సిన్ పోతుంది, గానుగ నూనెకు ఆ దశ ఉండదు.

పథ్యం:
మాత్రల గురించి. కూరలో మంచిదన్న పదార్థాన్ని విడదీసి మాత్ర చేస్తే ఏమవుతుందో ఫిన్లండ్‌లో చూశారు. పొగతాగే మగవాళ్లు 29,133 మందితో చేసిన పరీక్ష అది. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైందని 1994లో తేలింది. క్యారెట్ తిన్నవాళ్లలో జరిగింది కాదది, మాత్ర మింగినవాళ్లలో. అందుకే సల్ఫొరాఫేన్ మాత్ర కొనమని నేను చెప్పను. కీమోథెరపీలో ఉన్నవాళ్లు ఇలాంటి ఏ మాత్రయినా క్యాన్సర్ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. పచ్చి మొలకలూ వాళ్లకు వద్దు, తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు వాటిలో ఉండగల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ప్రాణం మీదికి తెస్తుంది.

వార్ఫరిన్‌కు కె విటమిన్ అడ్డు తగులుతుంది. అలాగని ఆకుకూర, క్యాబేజీ మానేయనక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో ఉంటే చాలు. ఇన్నాళ్లూ తినకుండా ఇప్పుడు రోజూ పెట్టాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తొందరగా చేయించండి. థైరాయిడ్ తక్కువున్నవాళ్లు పచ్చి రసాలు తాగకుండా, వండుకుని, అయోడిన్ ఉప్పుతో మామూలుగా తినొచ్చు.

మోతాదుకొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు చెప్పింది. అందులో క్యాబేజీ జాతి వారానికి మూడు నాలుగు రోజులు, మనిషికి 100 గ్రాములు పైగా వచ్చేట్టు చూసుకోండి. ఇంట్లో ఎవరైనా గుట్కా, ఖైనీ, బీడీ వాడుతుంటే ముందు అది మాన్పించండి. అది చేసే నష్టానికి ఏ కూరా సరితూగదు.