బయట పెట్టిన కట్టెల ఫర్నేస్: ఎండుచేపలకు పొగ వాసన, గొట్టం నుంచి నల్ల జిగురు

నెత్తళ్ల షెడ్డు

అందరికీ నమస్కారం. తగరపువలస నుంచి భీమిలి వెళ్లే దారిలో మాది చిన్న ఎండుచేపల షెడ్డు. విశాఖ హార్బరులో వేలం పాడి తెచ్చిన నెత్తళ్లు, కవళ్లు, సావళ్లు ఎండబెట్టి అమ్ముతాం. మా అత్తగారి కాలం నుంచి ఇదే పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఎండలు మండిపోయే రోజుల్లో చేప దొరకదు. పడవలు మళ్లీ బయలుదేరి చేప దిగేసరికి వానలు మొదలవుతాయి. ఎండ ఉంటే చేప లేదు, చేప ఉంటే ఎండ లేదు. అందుకని నిరుడు వేడిగాలి గది కట్టించాం.

షెడ్డు గోడకు అవతల, రేకుల పంచ కింద ఫర్నేస్ పెట్టించాం. లోపల ఇనుప నిప్పు పెట్టె, దాని చుట్టూ జానెడు ఖాళీ వదిలి ఇంకో రేకు తొడుగు. బ్లోయర్ ఆ ఖాళీలోంచి గాలిని తోస్తే, వేడెక్కిన గాలి గొట్టం ద్వారా గదిలోకి వస్తుంది. పొగ వేరే గొట్టంలో పైకి పోతుంది. ఆ గాలీ ఈ పొగా ఎక్కడా కలవవని తయారుచేసిన ఆయన అన్నాడు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

మొన్న తీసిన నెత్తళ్లకు పొగ వాసన పట్టింది. ఏళ్లుగా మా దగ్గరే కొనే పూర్ణా మార్కెట్ వ్యాపారి ఒకాయన గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవి ఎండబెట్టారా, కాల్చారా?" అని అడిగాడు. పొగగొట్టం అతుకుల దగ్గర నల్లగా, జిగురుగా ఏదో కారి గోడంతా చారలు. కట్టెల ఖర్చు మరీ దారుణం. 100 కిలోల పచ్చి చేపకు 80, 90 కిలోల సరుగుడు కట్టె పోతోంది. కరెంటు పోతే పెట్టె ఎర్రబడుతుంది, ఏం చేయాలో తెలియక అందరం దూరంగా నిలబడి చూస్తాం. రాత్రిపూట కుర్రాడు పెట్టె నిండా కట్టెలు కూరి, గాలి తలుపు మూసి పడుకుంటాడు. తెల్లవారేదాకా నిప్పు నిలుస్తుందని అలా చేయమన్నారు.

ఫర్నేస్ చిన్నదైపోయిందా? పెద్దది కొనాలా? ఇలాంటిది నడుపుతున్నవాళ్లు చెప్పండి.

ఎండే నయం

కట్టెల జోలికి పోవడం ఎందుకండీ? కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, అదే సిఫ్ట్, వాళ్ల పరిశోధన కేంద్రం మన విశాఖలోనే ఉంది. సౌర డ్రయ్యర్లు వాళ్లు ఎప్పుడో తయారుచేశారు. ఎండ లేనప్పుడు గ్యాస్‌తోనో కరెంటుతోనో నడిచే రకాలు కూడా ఉన్నాయి. ఒకసారి వెళ్లి అడగండి.

నెత్తళ్ల షెడ్డు

మంచి మాటే, వెళ్తాను. కానీ దీని మీద పెట్టిన అప్పు ఇంకా తీరలేదు. దీన్ని దారిలో పెట్టుకోవడమే ముందు పని.

బాయిలర్ మాస్టారు

అమ్మా, పెద్ద ఫర్నేస్ కొనకండి. ఉన్నదానికే ఊపిరాడనివ్వడం లేదు మీరు. నా ఉద్యోగమంతా బాయిలర్ల దగ్గరే గడిచింది. ఇప్పుడు పద్మనాభం దగ్గర పసుపు, మిరప ఎండబెట్టడానికి ఇలాంటిదే నడుపుతున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పొగ వాసనతో మొదలుపెడదాం. మంట బాగా పట్టాక బ్లోయర్ ఆపండి. తలుపు కొద్దిగా తెరిచి, ముఖం దూరంగా పెట్టి మంటను చూస్తూ, ఇంకొకరిని బ్లోయర్ వేయమనండి. వేసిన క్షణంలో మంట ఎగిసిందా, ఒక పక్కకు వాలిందా? అయితే పెట్టెకు పగులు ఉన్నట్టే. మీ బ్లోయర్ గాలిని తోసే రకం కాబట్టి, అది తిరుగుతున్నంతసేపు తొడుగులో ఒత్తిడి ఎక్కువ, పెట్టెలో తక్కువ. పగులులోంచి గాలి నిప్పులోకి దూరుతుంది గాని పొగ ఇటు రాదు. బ్లోయర్ ఆగాక తిరగబడుతుంది. పొగ మెల్లగా తొడుగులో నిండుతుంది, మళ్లీ బ్లోయర్ వేయగానే మొత్తం చేపల మీదికి పోతుంది. మీ వాసన కరెంటు పోయి వచ్చిన రోజుల్లోనే ఎక్కువగా ఉంటోందేమో గుర్తు తెచ్చుకోండి.

మంట కదలకపోతే పగులు లేదు. అప్పుడు బ్లోయర్ గాలి ఎక్కడి నుంచి పీలుస్తోందో చూడండి. కట్టెలు వేసే తలుపు పక్కనే దాని నోరు ఉంటే, తలుపు తెరిచిన ప్రతిసారీ బయటికొచ్చే పొగను అదే మింగుతుంది. నోటికి ఒక రేకు గొట్టం తగిలించి పంచ అవతలికి తిప్పితే సరిపోతుంది.

ఏ దారిన వచ్చినా, పొగ వచ్చే గదిలోకి కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం వయసు వల్లో ఆకలి వల్లో అనుకుంటాం. తట్టలు తిప్పడానికి లోపలికి వెళ్లేముందు తలుపులు బార్లా తెరిచి కాసేపు ఆగాలి. ఆ వాయువు పసిగట్టే అలారం ఒకటి గదిలో పెట్టండి. ఇది తేలేవరకు ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. వానకాలం వెచ్చగా ఉందని కుర్రాళ్లు పడుకుంటారు, నాకు తెలుసు.

ఇక నల్ల జిగురు. అది మీ కుర్రాడు రాత్రి చేసే పని. పెట్టె నిండా కూరి గాలి మూస్తే మంట ఉండదు, కట్టె ఉడుకుతుంది. మండాల్సిన ఆవిర్లు మండకుండానే గొట్టంలోకి పోతాయి. పైన గొట్టం 120 డిగ్రీల కంటే చల్లబడిందంటే అవన్నీ లోపలి గోడకు తారులా పేరుకుంటాయి. మీరు డబ్బు పెట్టి కొన్న వేడిలో పెద్ద భాగం అలా గోడ మీద చారలుగా కారుతోంది. అది ఎండి మందంగా పేరుకున్నాక ఒక రోజు పెద్ద మంట వేశారంటే గొట్టమే అంటుకుంటుంది. పైన రేకుల పంచ ఉందన్నారు, ఆలోచించండి.

కాబట్టి రాత్రికి ఒకేసారి కూరడం మానేయాలి. కొద్దికొద్దిగా వేసి, గాలి ఇచ్చి, పసుపుపచ్చ మంటతో మండనివ్వాలి. మంట బాగున్నప్పుడు గొట్టం చివర పొగ కంటికి కనపడదు, వేడికి గాలి వణకడం మాత్రమే తెలుస్తుంది. రాత్రి ఎవరూ మేలుకోలేకపోతే మంట ఆరనివ్వండి. ముందురోజు సాయంత్రం చేప పైతడి పోయిందంటే, పొద్దున్నే మళ్లీ వెలిగించినా పాడవదు. రాత్రంతా గది వేడిగా ఉండి గాలి ఆడకపోతే మాత్రం చేప పాడవుతుంది.

మీ కట్టెల లెక్క చూద్దాం. పచ్చి చేపలో నూటికి 75 వంతులు నీరు అనుకోండి. దాన్ని 20 వంతులకు దింపాలంటే 100 కిలోలు 31 కిలోలవుతాయి, అంటే 69 కిలోల నీరు పోవాలి. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 570 కిలో కేలరీలు. మొత్తం 39 వేల పైచిలుకు. ఆరిన కట్టె కిలోకు 3,500 ఇస్తుందనుకుని, అందులో 30 శాతమే చేపకు చేరుతుందని వేసుకున్నా 38 కిలోలు చాలు. ఉప్పు పట్టించిన చేప అయితే ఇంకా తక్కువ. మీరు దీనికి రెట్టింపు కాలుస్తున్నారు.

మిగతాది ఎక్కడికి పోతోంది? సగం కట్టెలోని నీటికే. సరుగుడు మంచి కట్టె, వేడిలో దానికి సాటి వచ్చేవి తక్కువ. కానీ అడితిలో మొన్న కొట్టిన దుంగ ఈరోజు మీ పెట్టెలో ఉంటే, దాని బరువులో దాదాపు సగం నీళ్లే. జనవరి, ఫిబ్రవరిలో కొని, చీల్చి, ఇటుకల మీద ఎత్తుగా పేర్చండి. పైన రేకు కప్పండి, పక్కలు మూయకండి. వేట మళ్లీ మొదలయ్యే జూన్ నాటికి సిద్ధంగా ఉంటుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టండి. ఖంగుమంటే ఆరినట్టు, దబ్బుమంటే పచ్చి. నేను మాత్రం ఒక ముక్కను తూచి, సుద్దతో బరువు దాని మీదే రాసి కుప్ప మీద పెడతాను. వారం వారం తూచి చూస్తాను, బరువు తగ్గడం ఆగిందంటే కుప్ప వాడుకోవచ్చు.

ఇంకో మాట. మీ వైపు పాత పడవ చెక్క చవగ్గా వస్తుంది. దాన్ని పెట్టెలోకి రానివ్వకండి. రంగు, ఉప్పు రెండూ ఉంటాయి. ఉప్పు నానిన చెక్క కాలిస్తే వచ్చే ఆవిర్లు ఇనుమును తినేస్తాయి. సముద్రపు గాలి బయటి నుంచి చేసేది చాలదా?

చివరగా గది. తడిగాలి బయటికి పోవడానికి పైన కిటికీ ఉందా? వేడి పోతుందని చాలామంది దాన్ని గోనెపట్టతో మూస్తారు. మన తీరంలో వానకాలపు గాలి 30 డిగ్రీల దగ్గర, 80 శాతం తేమతో ఉంటుంది. అదే గాలిని 50 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 27 శాతానికి పడిపోతుంది. అంటే ఎండకాలం గాలి కంటే పొడిగా అవుతుంది, నీటిని లాగుతుంది. లాగిన నీటిని బయటికి పంపకపోతే ఎన్ని కట్టెలు కాల్చినా చేప ఆవిరి మీద ఉడుకుతుంది. 50 డిగ్రీలు దాటించకండి కూడా, పైపొర గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

మద్దిలపాలెం తాతయ్య

మా అబ్బాయి అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటాడు. వాళ్లు కొన్న పాత ఇంటి పెరట్లో ఇలాంటిదే ఉంది, చేపలకు కాదు, ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి. వేడిగాలి మందపాటి తొడుగున్న గొట్టంలో ఇంట్లోకి వస్తుంది. నిప్పు, బూడిద, పురుగులు ఇంటి బయటే. చలికాలంలో కట్టెలు వేయడం నా వంతు అయ్యేది, మంచులో ఆ పెరడు దాటడం నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం. అక్కడ కొత్త ఫర్నేస్‌ల పొగకు 2015లో పర్యావరణ సంస్థ నిబంధనలు పెట్టింది, 2020 మే నుంచి ఇంకా బిగించింది.

నేను చెప్పదలచుకున్నది కరెంటు గురించి. వాళ్ల దాంట్లో పెట్టె వేడెక్కాకే బ్లోయర్ తనంతట తాను మొదలవుతుంది, మంట తగ్గినా పెట్టె చల్లబడేదాకా తిరుగుతూనే ఉంటుంది. నిప్పుకు గాలి ఇచ్చేది ఇంకో చిన్న ఫ్యాను. దాని నోటికి బరువుతో పడిపోయే రేకు మూత ఉంటుంది. కరెంటు పోగానే ఫ్యాను ఆగి, మూత దానంతట అదే మూసుకుంటుంది. మీ దానికి అలాంటిది ఉందా?

పొగ బాధితుడు

మాది ఆనందపురం. పక్క స్థలంలో ఇలాంటిదే ఉంది. మా మేడ కంటే దాని గొట్టం పొట్టి. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాలి. పగలు సముద్రపు గాలి పొగను ఊళ్లోకి తోస్తుంది, రాత్రి నేల గాలి సముద్రం వైపు తీసుకుపోతుంది. కనీసం తెల్లవారుజామున వెలిగించుకోమని చెబితే వినరు. జాతీయ శుద్ధ గాలి పథకంలో విశాఖ పేరు ఊరికే చేర్చలేదు. మీరైనా గొట్టం ఎత్తుగా కట్టించండి.

నెత్తళ్ల షెడ్డు

మాస్టారూ, నిన్న రాత్రి పరీక్ష చేశాం. మా ఆయన బ్లోయర్ వేయగానే మంట కుడి పక్క నుంచి కొట్టినట్టు ఎడమకు వాలిపోయింది. చల్లారాక తొడుగు రేకు విప్పించి, పెట్టె లోపల టార్చి పెట్టి, దీపాలన్నీ ఆర్పి చూశాం. తలుపు పైమూల దగ్గర వెల్డింగు వెంట వెంట్రుక మందాన వెలుగు గీత. జానెడు పొడుగు ఉంది. మీరన్నట్టే పై కిటికీకి గోనెపట్ట కూడా ఉంది, ఈరోజు పీకించాను.

తాతయ్య గారూ, మా దానికి ఏ మూతా లేదు. చేత్తో తెరిచి మూసే తలుపు ఒకటే.

పక్క ఇళ్లు మాకు దూరమే, అయినా గొట్టం పెంచమంటాను. మాస్టారూ, ఆ పగులుకు పైనుంచి వెల్డింగు చేయిస్తే సరిపోతుందా?

బాయిలర్ మాస్టారు

పైపైన చేస్తే మళ్లీ పగులుతుంది. పగులు రెండు చివర్లా చిన్న రంధ్రం వేయమనండి, అది ఇంకా పాకకుండా ఆపుతుంది. ఆ తర్వాత గీత వెంట గాడి తీసి, లోతుగా వెల్డింగు చేయాలి. ఆ మూల పగిలిందంటే కరెంటు పోయినప్పుడల్లా అక్కడే ఎర్రబడి ఉంటుంది. అక్కడ లోపలి వైపు ఫైర్ బ్రిక్స్ పేర్పించండి, మంట నేరుగా ఇనుముకు తగలదు. జింకు పూత రేకు మాత్రం పెట్టె దగ్గర ఎక్కడా అతకనివ్వకండి, వేడికి ఆ పూత పొగై ఊపిరితిత్తులకు ఎక్కుతుంది.

కరెంటు పోతే నిప్పు గాలి తలుపు వెంటనే మూయండి. కట్టెల తలుపు తెరవకండి, నీళ్లు అసలు పోయకండి, ఎర్రటి ఇనుము చీలిపోతుంది. బ్లోయర్‌కు సరిపడే ఇన్వర్టరు కొనండి. కట్టెల మీద మిగిలే డబ్బుతో అది వచ్చేస్తుంది. తాతయ్య గారు చెప్పిన మూత కూడా ఏ వెల్డరైనా చేసిస్తాడు.

గొట్టం పెంచేటప్పుడే అతుకులు సరిచేయించండి. పై గొట్టం కింది గొట్టం లోపలికి దిగాలి, అప్పుడు ఏదైనా కారినా లోపలే కారి నిప్పులో పడుతుంది. వాన నీరు దిగకుండా ప్రతి అతుకు పైన ఒక కాలరు. తుపాను గాలికి నాలుగు వైపులా తీగలు లాగి కట్టించండి, హుద్‌హుద్ చూసిన ఊరు మనది. వేట నిషేధం రోజుల్లో బూడిద మొత్తం తీసి, లోపల తుడిచి, గొట్టం నోరు కప్పేయండి. తడిసిన బూడిద ఇనుముకు పరమ శత్రువు.

వెల్డింగు అయ్యాక మొదటి మంట ఖాళీ తట్టలతోనే వేయండి. తర్వాత కవళ్లతో మొదలుపెట్టకండి, నూనె చేప ఏ వాసననైనా ఇట్టే పట్టుకుంటుంది. ఒక తట్ట నెత్తళ్లు వేసి, ఆ పూర్ణా మార్కెట్ ఆయనకే ముందు పంపండి.