బొడ్డు పక్కన ఇన్సులిన్ వేసే చోట ఉబ్బింది, షుగర్ నిలకడగా ఉండట్లేదు

చిన్నిఅమ్మ:
బాబుకి ఎనిమిదేళ్లు, టైప్ వన్ షుగర్, 25 కిలోలు. ఇన్సులిన్ పెన్నుతో రోజుకి నాలుగు సూదులు. బొడ్డుకి రెండు పక్కలా రబ్బరులా ఉబ్బింది. ఎరుపు లేదు, నొప్పి లేదు. పైగా అక్కడే వేయమంటాడు, వేరే చోట నొప్పంట. అదే డోసుకి ఒకరోజు 280, ఒకరోజు 65. ఐస్ పెట్టాలా, ఆయింట్‌మెంట్ ఏదైనా ఉందా?

పల్లెనర్సు:
ఐసూ వద్దు, ఆయింట్‌మెంటూ వద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి లైపోహైపర్ట్రోఫీలా ఉంది. ఇన్సులిన్‌కి కొవ్వుని పెంచే గుణముంది. ఒకే చోట పడుతూ ఉంటే చర్మం కింద కొవ్వు పేరుకుంటుంది, వాడిన సూదినే మళ్లీ వాడితే ఇంకా త్వరగా. అక్కడ స్పర్శ తగ్గుతుంది, అందుకే పిల్లలు ఆ చోటే కోరుకుంటారు. ఆ గడ్డలోంచి మందు ఒకరోజు సరిగా ఎక్కదు, ఒకరోజు బాగానే ఎక్కుతుంది. మీ 280, 65 వెనక ఇదే ఉండొచ్చు.

అక్కడ సూది ఆపేస్తే కొన్ని నెలల్లో తగ్గుతుంది. కానీ రేపే అదే డోసుతో చోటు మార్చేయకండి! మంచి చర్మంలో మందు పూర్తిగా ఎక్కి షుగర్ పడిపోతుంది. ముందు మీ డాక్టరుకి ఫోన్ చేయండి. సాధారణంగా 10 నుంచి 20 శాతం తగ్గించి మొదలుపెట్టిస్తారు. కొన్ని రోజులు రాత్రి 2, 3 గంటల మధ్య కూడా చూడండి. 70 కంటే తగ్గితే కిలోకి 0.3 గ్రాముల లెక్కన, మీ వాడికి 8 గ్రాముల గ్లూకోజ్ పట్టించి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి.

సూదిమందు:
గడ్డ ఎంతవరకు ఉందో కంటికి తెలియదు, చేతికి తెలుస్తుంది. వేళ్లకి సబ్బు నురగ రాసుకుని, మంచి చర్మం మీద నుంచి గడ్డ వైపు మెల్లగా జరపండి. వేలు ఎక్కడ తట్టుకుంటే అదే అంచు. రాసుకునే పెన్నుతో గీత గీసి, లోపల సూది పడకుండా చూసుకోండి.

తొడల పైభాగం బయటివైపు, పిర్రల పైభాగం బయటివైపు కూడా వాడుకోవచ్చు. ఒక్కో భాగాన్ని వారం వాడి మరోదానికి మారండి. సూదికీ సూదికీ ఒక వేలి వెడల్పు ఎడం, బొడ్డుకి రెండు వేళ్ల దూరం. పెన్ను సూది 4 మిల్లీమీటర్లది చాలు. బక్క పిల్లలకి చర్మాన్ని చిటికెతో పట్టి నిటారుగా గుచ్చి, బటన్ నొక్కాక పది లెక్కపెట్టి తీయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేస్తే మంట పుడుతుంది. కొత్త చోట నొప్పి అనడానికి సగం కారణం అదే అయ్యుండొచ్చు.

చిన్నిఅమ్మ:
గీత గీశాను, అనుకున్నదానికంటే పెద్దగా ఉంది. డాక్టరు గారు డోసు తగ్గించారు. స్పిరిట్ తప్పనిసరా?

పల్లెనర్సు:
ఇంట్లో సబ్బూ నీళ్లూ చాలు. స్పిరిట్ రాస్తే పూర్తిగా ఆరనివ్వండి, తడిమీద గుచ్చితే చురుక్కుమంటుంది. ఒకవేళ గడ్డ ఎర్రబడి, వేడెక్కి, నొప్పి పెట్టినా, చీము కారినా అది వేరే సంగతి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.